రీచార్జి టార్చి: ఉత్తర తెలంగాణ రాత్రులకు ఏది పనికొస్తుంది

రీచార్జి టార్చిలో ముఖ్యమైన భాగాలు నాలుగు. వెలుగునిచ్చే ఎల్‌ఈడీ, దానికి శక్తినిచ్చే సెల్, ఆ కరెంటును అదుపులో ఉంచే చిన్న సర్క్యూట్, వెలుగును కూడగట్టి ముందుకు పంపే రిఫ్లెక్టర్ లేదా లెన్స్. టార్చి మంచిచెడ్డలు ఈ నాలుగూ ఒకదానితో ఒకటి ఎలా కుదిరాయన్న దానిమీదే ఆధారపడతాయి. టాక్టికల్ రకం టార్చి మొదట పోలీసులు, సైనికుల అవసరాల కోసం రూపుదిద్దుకుంది. గట్టి అల్యూమినియం బాడీ, తోకవైపు బొటనవేలితో నొక్కే స్విచ్, సగం నొక్కితే వెలిగి వదిలితే ఆరిపోయే వీలు, దూరం కొట్టే ఇరుకైన ఫోకస్, ఎదుటివాడి కళ్లు చెదిరేలా గబగబా మిణికే స్ట్రోబ్ దాని లక్షణాలు. అదే నమూనా ఇప్పుడు జేబు సైజుకు తగ్గి, కరీంనగర్ టవర్ సర్కిల్ దుకాణాల నుంచి ఏజెన్సీ మండలాల వారపు అంగడి దాకా, ఆన్‌లైన్ అమ్మకాల ద్వారా ఇంకా లోపలికీ చేరింది. రోజూ వెంట ఉంచుకోవడానికి అందులో ఏది తగినదో తేల్చాలంటే ముందు ఇక్కడి చీకటి ఎలాంటిదో చూడాలి.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న విడిపోయి ప్రధానంగా ఎనిమిది జిల్లాలయ్యాయి. ఈ ఎనిమిదింటిలో చీకటి ఒక్క తీరుగా ఉండదు. గోదావరిఖని, మందమర్రి భూగర్భ గనుల్లో పగలైనా రాత్రైనా చీకటే. మానేరు కింద, కాకతీయ కాలువ కింద ఉన్న వరి పొలాల్లో చీకటితో పాటు బురద, నీళ్లు, పాములు ఉంటాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చేలల్లో అడవిపందుల బెడద. కవ్వాల్ అడవి అంచు గూడేల్లో రోడ్డు దిగాక ఇంటిదాకా నడవాల్సిన కాలిబాట. వీటన్నిటికీ ఒకే టార్చిని సిఫారసు చేసేవారి మాట నమ్మదగింది కాదు.

ఈ ప్రాంతంలో రోజూ వెంట తీసుకెళ్లే రీచార్జి దీపానికి పాత ఉదాహరణ సింగరేణి కార్మికుడి క్యాప్ ల్యాంపు. ఇల్లందులో 1889లో మొదలైన బొగ్గు తవ్వకం 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు కిందికి వచ్చి, తర్వాత బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని దాకా విస్తరించింది. నడుముకు కట్టుకునే బరువైన లెడ్-యాసిడ్ బ్యాటరీ, దాని నుంచి వీపు మీదుగా టోపీకి వెళ్లే తీగ, నుదుటిపైన దీపం: చాలాకాలం క్యాప్ ల్యాంపు రూపం ఇదే. ఎల్‌ఈడీ, లిథియం సెల్ వచ్చాక తీగ, బెల్టు బ్యాటరీ అక్కర్లేని తేలికపాటి ల్యాంపులు వచ్చాయి. షిఫ్టు దిగగానే ల్యాంపును ల్యాంపు రూములో అప్పగించాలి, అక్కడ అది చార్జింగుకు ఎక్కుతుంది, మర్నాడు అదే నంబరు ల్యాంపు అదే మనిషి చేతికి వస్తుంది. ర్యాకులో ఏ నంబరు ఖాళీగా ఉందో చూస్తే గనిలోంచి ఎవరు ఇంకా పైకి రాలేదో తెలిసిపోతుంది.

జేబు టార్చి కొనేవారు ఈ పద్ధతి నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. షిఫ్టు మొత్తం వెలగడం క్యాప్ ల్యాంపుకు మొదటి షరతు. మిరుమిట్లు గొలపడం దానికి పనే కాదు. చేతులు ఖాళీగా ఉంటాయి. చార్జింగుకు ఒక చోటూ ఒక వేళా ఉంటాయి. ఇంకొక విషయం కచ్చితంగా గుర్తుంచుకోవాలి. ఎంత ఖరీదైనదైనా మామూలు టార్చి భూగర్భ గనిలోకి పోకూడదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. హంఫ్రీ డేవీ 1815లో జాలీ కట్టిన దీపం చేసింది ఈ ప్రమాదాన్ని తప్పించడానికే. ఇప్పటి గనుల్లోకి గనుల భద్రతా డైరెక్టరేట్ ఆమోదించిన ల్యాంపులకే అనుమతి. నీళ్లలో మునిగినా పాడవని టార్చి పేలుడు వాయువులోనూ భద్రమేనని అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు.

గని బయట టార్చి అవసరం ఎక్కువగా రైతుది. వ్యవసాయానికి విడతల వారీగా కరెంటు ఇచ్చిన రోజుల్లో రాత్రి విడత ఎప్పుడు వస్తే అప్పుడు లేచి బాయికాడికి పోయి మోటరు వేయడం ఇక్కడి రైతు జీవితంలో భాగం. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ మొదలయ్యాక ఆ ప్రయాణాలు తగ్గాయి. అయినా పూర్తిగా పోలేదు. కాలువ నీళ్లు వంతు ప్రకారం వచ్చే చోట మడి కట్టు తెంపడానికి, వేయడానికి రాత్రి వెళ్లక తప్పదు. మక్క చేనుకు కావలి ఉంటుంది. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరాక తూకం అయ్యేదాకా కుప్ప దగ్గరే పడుకోవాలి, అకాల వాన మబ్బు పడితే అర్ధరాత్రి లేచి టార్పాలిన్ కప్పాలి. ఈ పనుల్లో దేనికీ అర కిలోమీటరు దూరం కొట్టే ఫోకస్ పనిలేదు. కాళ్ల చుట్టూ పది పన్నెండు అడుగులు నిదానంగా, సమంగా కనిపిస్తే చాలు.

ఆ పది పన్నెండు అడుగులే ప్రాణానికి ముఖ్యం. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటు మరణాలను అంచనా వేసి 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆ ఇరవై ఏళ్లలో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58,000. అందులో దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్య, అంటే ఇక్కడ నాట్లు, కలుపు సాగే కాలంలోనే జరిగాయి. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. రక్తపింజర ఎండుటాకుల్లో, గట్ల గడ్డిలో కదలకుండా పడుకుంటుంది, దాని కాటు ఎక్కువగా పాదానికో పిక్కకో పడుతుంది. కట్లపాము రాత్రి ఇళ్లలోకి వచ్చి నేలమీద పడుకున్నవారిని కాటేస్తుంది. మొదటిదానికి నడకలో వెలుగు కావాలి, రెండోదానికి తలగడ పక్కన చేయి చాస్తే అందే వెలుగు కావాలి. చేతికర్ర, కాళ్లకు బూట్లు లేకుండా టార్చి ఒక్కటే కాపాడదు.

వెలుగును కొలిచే పద్ధతికి అమెరికాలో 2009లో ఎఫ్‌ఎల్-1 అనే ప్రమాణం వచ్చింది. పేరున్న కంపెనీలు పెట్టె మీద దాని ప్రకారమే అంకెలు వేస్తాయి. లూమెన్లు టార్చి నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగును చెబుతాయి. క్యాండెలాలు ఫోకస్ నడిమధ్యలో వెలుగు ఎంత చిక్కగా ఉందో చెబుతాయి. దూరం లెక్క రెండోదాని నుంచి వస్తుంది. క్యాండెలాల వర్గమూలాన్ని రెండుతో హెచ్చిస్తే మీటర్లు వస్తాయి. 10,000 క్యాండెలాల టార్చికి 200 మీటర్లు. అయితే ఆ చివరి మీటరు దగ్గర పడే వెలుగు పావు లక్స్, అంటే ఇంచుమించు నిండు పున్నమి వెన్నెలంత. అక్కడ ఏదో ఉందని తెలుస్తుందే తప్ప అది పందో, బర్రెదూడో పోల్చుకోవడం కష్టం. పెట్టె మీది దూరంలో సగానికే పని జరుగుతుందనుకోవడం మంచిది.

లూమెన్లు ఎన్ని కావాలన్నది పనిని బట్టి తేలుతుంది. ఇంట్లో పడుకున్నవారిని లేపకుండా తిరగడానికి ఒకటి రెండు చాలు. పొలం గట్టు మీద మెల్లగా నడవడానికి 20 నుంచి 50, తెలియని దారిలో వడిగా నడవడానికి 100 నుంచి 200. చేనుకు అవతలి కొసన ఏం కదిలిందో చూడటానికి 500 నుంచి 1,000, అదీ ఒక నిమిషం పాటు. చీకటికి అలవాటుపడటానికి కంటికి 20, 30 నిమిషాలు పడుతుంది. దగ్గరి బురద మీద వెయ్యి లూమెన్లు పోస్తే ఆ అలవాటు క్షణంలో చెదిరిపోయి, వెలుగు గీతకు అవతల ఉన్నదంతా మునుపటికంటే నల్లగా మారుతుంది. ఎక్కువ వెలుగు ఎక్కువ భద్రత అన్న భావన ఇక్కడ తలకిందులవుతుంది.

లూమెన్ల ప్రకటనలను పరీక్షించడానికి బడి లెక్కలు చాలు. ఈ తరహా టార్చిల్లో ఎక్కువగా వాడేది 18650 సెల్. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండటం వల్ల దానికా అంకె. లిథియం-అయాన్ సెళ్లను సోనీ కంపెనీ 1991లో మొదట అమ్మకానికి తెచ్చింది. వాటి వెనకున్న పరిశోధనకు 2019లో రసాయన నోబెల్ వచ్చింది. తెల్ల ఎల్‌ఈడీకి దారి తీసిన నీలి ఎల్‌ఈడీకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. మంచి 18650 సెల్ 3,000 మిల్లీ ఆంపియర్ అవర్లు పట్టుకుంటుంది, వోల్టేజి సగటున 3.6. రెండూ హెచ్చిస్తే దాదాపు 11 వాట్ అవర్లు. ఎల్‌ఈడీ, సర్క్యూట్, లెన్స్ నష్టాలు పోను ఒక వాటుకు సుమారు 100 లూమెన్లు బయటికి వస్తాయనుకుంటే ఆ సెల్‌లో ఉన్న మొత్తం వెలుగు 1,100 లూమెన్-గంటలు. దాన్ని వెయ్యి లూమెన్ల చొప్పున గంటలో ఖర్చు చేయవచ్చు, వంద చొప్పున పది పదకొండు గంటలు, 20 చొప్పున వారం రోజుల రాత్రులు వాడుకోవచ్చు. ఒంటి సెల్ టార్చి ఏదైనా ఇంచుమించు ఈ లెక్కలోనే ఉంటుంది.

ఇప్పుడు 10,000 లూమెన్లని రాసి ఉన్న ఒంటి సెల్ టార్చిని చూద్దాం. దానికి 100 వాట్లు కావాలి. మామూలు 18650 సెల్ ఇవ్వగల కరెంటు 10 ఆంపియర్ల ప్రాంతం, అంటే 36 వాట్లు. రాసింది అబద్ధమని కొనకముందే తేలిపోయింది. సెల్ మీద 9,900 మిల్లీ ఆంపియర్ అవర్లని ఉన్నా అంతే. ఈ సైజులో నిజమైన సెళ్లు చాలావరకు 3,500 దగ్గరే ఆగుతున్నాయి. తూకం కూడా గుట్టు విప్పుతుంది. అసలు 18650 సెల్ 45 నుంచి 48 గ్రాములు ఉంటుంది, నకిలీది చాలాసార్లు అంతకంటే స్పష్టంగా తేలిక. కంసాలి త్రాసు ఉన్న ఊళ్లో ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.

అంకెలు నిజమైనప్పుడు కూడా ఒక మెలిక ఉంటుంది. ఎఫ్‌ఎల్-1 ప్రకారం టార్చి వెలిగిన 30 సెకన్లకు ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయమే దాని రన్‌టైమ్. పెట్టె మీద 1,000 లూమెన్లు, మూడు గంటలు అని ఉంటే మూడు గంటలూ వెయ్యి లూమెన్లు వస్తాయని అర్థం కాదు. ఐదు నిమిషాలు వెయ్యి, తర్వాత మూడొందలు, చివర్లో వంద వచ్చినా ఆ మాట ప్రమాణానికి లోబడినదే. అందుకే మంచి తయారీదారులు వెలుగు గంట గంటకూ ఎలా తగ్గుతుందో గీత గీసి చూపిస్తారు. సర్క్యూట్ నాణ్యత ఆ గీతలో బయటపడుతుంది. కరెంటును స్థిరంగా ఉంచే సర్క్యూట్ ఉంటే మధ్య స్థాయి వెలుగు గంటల తరబడి ఒకే ఎత్తులో సాగి చివర్లో దిగుతుంది. చవక సర్క్యూట్‌లో మొదటి నిమిషం నుంచే జారుడు మొదలవుతుంది, కన్ను ఆ జారుడుకు అలవాటుపడిపోయి గుర్తించదు, సరిగ్గా పాము ఉన్న చోటికి వచ్చేసరికి చేతిలో ఉన్నది పావు వంతు వెలుగే. టార్చి కొనేటప్పుడు అత్యధిక స్థాయి అంకెను పక్కనపెట్టి, మధ్య స్థాయి ఎన్ని లూమెన్లు, అది ఎన్ని గంటలు తగ్గకుండా ఉంటుంది అన్న రెండు ప్రశ్నలే ముందు అడగాలి. మిగతా హంగులన్నీ వాటి తర్వాతే.

ఈ గంటల లెక్క దూరపు నడకల్లో ఇంకా ముఖ్యం. ఆదిలాబాద్ వైపు గోండుల నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచి గంగాజలం తేవడానికి కేస్లాపూర్ నుంచి రోజుల తరబడి కాలినడకన వెళ్లి వస్తారు. అలాంటి నడకలో చార్జింగు ఎక్కడ దొరుకుతుందో చెప్పలేం. తక్కువ స్థాయి వెలుగును చాలా రాత్రులు మోసే టార్చి విలువ అక్కడ తెలుస్తుంది.

వేడి గురించి వేరుగా చెప్పుకోవాలి. అరచేతిలో పట్టే అల్యూమినియం గొట్టం కొద్ది వాట్ల వేడినే బయటికి పంపగలదు. అందుకే ఈ సైజు టార్చి ఏదైనా 400, 600 లూమెన్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడగలదు. వెయ్యి దాటితే నిమిషాల్లో తనంతట తానే తగ్గుతుంది, తగ్గాలి కూడా. రామగుండం, ఆదిలాబాద్ వైపు వేసవి పగళ్లు 45 డిగ్రీలు తాకుతాయి. లిథియం సెల్‌ను చార్జి చేయడానికి సాధారణంగా చెప్పే పైహద్దు కూడా 45 డిగ్రీలే. ఎండలో నిలిపిన బైకు డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద టార్చి వదిలేస్తే సెల్ ఆయుష్షు తరుగుతుంది. చలికాలంలో ఆదిలాబాద్ ఉష్ణోగ్రత 5 డిగ్రీల దిగువకు పడ్డా సెల్ కొద్దిగా మందగిస్తుందే తప్ప పాడుకాదు.

వెలుగు రంగును చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి. చవక ఎల్‌ఈడీల నీలిఛాయ తెలుపు కంటికి ఎక్కువగా అనిపించినా గోధుమ, ఎరుపు ఛాయలను చంపేస్తుంది. ఎండుగడ్డిలో రక్తపింజర మచ్చలు కలిసిపోయేది ఆ వెలుగులోనే. 4,000 నుంచి 5,000 కెల్విన్ మధ్య, రంగులను నిజంగా చూపే ఎల్‌ఈడీ అయితే లూమెన్లు కొంచెం తగ్గినా కనిపించేది పెరుగుతుంది.  వానాకాలం పురుగులు కూడా నీలిఛాయ వెలుగుకే ఎక్కువ మూగుతాయి. ఇక ఫోకస్ ఆకారం. నునుపైన లోతైన రిఫ్లెక్టర్ దూరం కొడుతుంది, గరుకు రిఫ్లెక్టర్ లేదా గింజల లెన్స్ దగ్గర పరుస్తుంది. ముందుకు వెనక్కు జరిపే జూమ్ టార్చి రెండు పనులూ చేస్తుందన్న ఆశ కలిగిస్తుంది. దూరానికి జరిపినప్పుడు చాలా వెలుగు గొట్టంలోనే వృథా అవుతుంది, జరిపే సందుల్లోంచి నీళ్లు, దుమ్ము లోపలికి పోతాయి. పొలానికి అది సరైన ఎంపిక కాదు.

ఇప్పుడు వాడకంలో ఉన్న రకాలను పక్కపక్కన పెట్టి చూడాలి. కందిలి, గ్యాస్‌నూనె కాలం తర్వాత ఈ ఊళ్లకు వచ్చింది ఎవరెడీ వంటి కంపెనీల పొడుగాటి లోహపు టార్చి. నెల్లూరులో తయారైన నిప్పో సెళ్లు వేసుకునే టార్చిలు కూడా తెలుగువారికి బాగా తెలుసు. సెల్ అయిపోతే కిరాణా దుకాణంలో దొరుకుతుంది, అదే ఆ పద్ధతి బలం. సెల్ లోపలే వదిలేస్తే కారి టార్చిని తినేస్తుంది, అది బలహీనత. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చేవారి పెట్టెల్లో సెంటు సీసాలు, దుప్పట్లతో పాటు రీచార్జి టార్చి కూడా దిగేది. వాటిలోనూ, నేటికీ అంగడిలో రెండు మూడు వందలకు దొరికే ప్లాస్టిక్ టార్చిల్లోనూ ఎక్కువగా ఉండేది 4 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ. వాడకుండా నెలల తరబడి ఖాళీగా ఉంచితే దాని పలకలు గడ్డకట్టి మళ్లీ చార్జి పట్టదు. వానాకాలం కోసం దాచిన టార్చి వానాకాలంలోనే పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఇంకా పెద్ద సమస్య చార్జింగులో ఉంది. వెనక నుంచి పిన్నులు లాగి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే రకాల్లో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక చిన్న కెపాసిటర్‌తోనే 230 వోల్టులను తగ్గిస్తారు. లోపలి సర్క్యూట్ లైనుతో నేరుగా కలిసి ఉంటుంది కాబట్టి పగిలిన టార్చిని, తడిచేత్తో, ప్లగ్గులో ఉండగా ముట్టుకుంటే షాక్ కొడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇలాంటిది వద్దని గట్టిగా చెప్పాలి.

మొబైల్ ఫోన్ లైటుతో సరిపెట్టుకునేవారే ఇవాళ ఎక్కువ. కొన్ని పదుల లూమెన్లు, దూరం లేని పరచు వెలుగు, గట్టు మీద జారిపడితే ఫోనూ నీళ్లలోకే. అన్నిటికంటే ముఖ్యం, పాము కాటు పడ్డ రాత్రి 108కి ఫోన్ చేయాల్సింది ఆ బ్యాటరీతోనే. 2005 ఆగస్టు నుంచి నడుస్తున్న ఆ అంబులెన్సు సేవ అందాలంటే ఫోన్‌లో చార్జి మిగిలి ఉండాలి. ఆ ఒక్క కారణం చాలు, విడిగా టార్చి ఉంచుకోవడానికి.

లిథియం టార్చిల్లో సెల్ విప్పి మార్చుకునేవి, లోపలే మూసేసినవి అని రెండు తెగలు. 300 నుంచి 500 సార్లు పూర్తిగా చార్జి చేశాక సెల్ పట్టు 80 శాతానికి వస్తుంది. రోజూ పూర్తిగా వాడి నింపితే ఏడాది, ఏడాదిన్నర మాట. మూసేసిన టార్చి ఆపైన తరుగుతూ చివరికి చెత్తే, విప్పగలిగినది మాత్రం కొత్త సెల్‌తో మళ్లీ కొత్తదవుతుంది. కొన్ని కంపెనీలు తమ టార్చిలోనే పనిచేసే ప్రత్యేకపు సెళ్లు పెడతాయి. హైదరాబాదులోనే దొరకని సెల్ ఆసిఫాబాద్‌లో దొరకదు. అందువల్ల మామూలు 18650, లేదా కాస్త లావు 21700 సెల్ పట్టే టార్చి ఈ ప్రాంతానికి తగినది. 21700లో 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల దాకా నిజంగా వస్తాయి, బరువూ మందమూ పెరుగుతాయి, చొక్కా జేబు కిందికి లాగుతుంది. పెన్సిల్ సెల్ సైజు 14500 జేబుకు హాయి, ఓపిక తక్కువ. సెల్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర, ఆర్‌తో మొదలయ్యే నమోదు సంఖ్య, ఐఎస్ 16046 అంకె ఉన్నాయో లేదో చూసుకోవాలి.

చార్జింగుకు టైప్-సి రంధ్రం మేలు, ఫోన్ చార్జరే సరిపోతుంది. కొన్ని టార్చిలు రెండు వైపులా సి ఉన్న తీగతో చార్జి కావు, పాత చార్జరు తీగతోనే అవుతాయి. దుకాణంలోనే ఇది పరీక్షించుకోవచ్చు. అయస్కాంతంతో అతుక్కునే ప్రత్యేక తీగ పోతే టార్చి మూలపడుతుంది, ఇనుప రజను ఉన్న చోట ఆ అయస్కాంతం రజనునంతా పోగుచేసుకుంటుంది. రంధ్రాన్ని మూసే రబ్బరు మూత వదులైతే నీటి రక్షణ పోయినట్టే. ఐపీ 67 గుర్తు అంటే దుమ్ము చొరదు, ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడవదు. నాట్ల కాలానికి ఇంతకంటే తక్కువది తీసుకోకూడదు. పడితే తట్టుకునే ఎత్తు ఒక మీటరని చాలా టార్చిలకు రాస్తారు. నిలబడిన మనిషి చేతి ఎత్తు అంతే.

స్విచ్చుల్లో సరళమైనది గెలుస్తుంది. తోక స్విచ్ చీకట్లో తడుముకుంటే దొరుకుతుంది, బురద చేతికీ గ్లవ్సుకూ లొంగుతుంది. ఏడెనిమిది మోడ్లు, రెండు నొక్కులు, మూడు నొక్కులు, పట్టి నొక్కు అని వరసలు ఉన్న టార్చిని ఇంట్లో ముసలివారు వాడలేరు. టార్చి ఒక్కరి సొత్తు కాదు, ఇంటిల్లిపాదిదీ. ఎప్పుడు నొక్కినా ముందు తక్కువ వెలుగుతో మొదలవడం మంచి లక్షణం. జేబులో తనంతట తాను వెలిగితే బట్ట కాలేంత వేడి పుడుతుంది, కాబట్టి తోక మూతను పావు చుట్టు వదులు చేస్తే కరెంటు తెగే ఏర్పాటు ఉండాలి. అంచు పళ్లున్న మూతి ఆత్మరక్షణకని చెబుతారు, నిజానికి అది జేబులు చింపుతుంది. స్ట్రోబ్ ఒకరిద్దరి ఎదుట క్షణకాలం పనిచేయవచ్చు, పరుగుకు అదను ఇవ్వవచ్చు. దాన్నే నమ్ముకుని చీకట్లో ఆగిపోవడం మంచిది కాదు. రాజీవ్ రహదారి వంటి దారిమీద ఎదురు వాహనం వైపు స్ట్రోబ్ కొడితే డ్రైవరు కళ్లు చెదిరి ప్రమాదం జరుగుతుంది. మూర్ఛ ఉన్నవారిలో కొందరికి ఆ మిణుకు వల్లే ఫిట్స్ వస్తాయి. రోడ్డు పక్క వడ్ల కుప్ప దగ్గర ఉంచడానికి నిదానంగా మిణికే ఎర్ర లైటు ఉన్న టార్చి ఎంతో ఉపయోగం.

అడవి అంచున వేరే జాగ్రత్తలు వస్తాయి. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది, మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చే పులుల రాకపోకలు ఆసిఫాబాద్ జిల్లాలో మామూలే. 2020 నవంబరులో దహెగాం, పెంచికలపేట మండలాల్లో రెండు యువ ప్రాణాలు పులి దాడుల్లో పోయాయి. ఆ రెండూ జరిగింది పగటిపూట. పులి నుంచి టార్చి కాపాడుతుందని అమ్మేవారి మాటకు ఆధారం లేదు. రాత్రి అడవిలో బలమైన ఫోకస్ వేటగాళ్ల పనిముట్టు, దాన్ని ఊపుకుంటూ తిరిగేవారిని అటవీ సిబ్బంది అనుమానించడం సహజం. పందుల కోసం చేల చుట్టూ అక్రమంగా కట్టే కరెంటు తీగలు మనుషులనూ జంతువులనూ చంపుతున్నాయి. సన్నని ఆ తీగ మోకాలి ఎత్తున ఉంటుంది, ఏ టార్చి వెలుగులోనూ సులువుగా కనిపించదు. అలాంటి చేల మధ్య రాత్రి అడ్డదారి పట్టకపోవడమే రక్షణ.

చేతి టార్చికి, తలకు కట్టుకునే హెడ్‌ల్యాంపుకు మధ్య తేల్చుకోవాల్సి వస్తే ఈ ప్రాంతపు పనులకు హెడ్‌ల్యాంపే ఎక్కువసార్లు నెగ్గుతుంది. స్టార్టరు డబ్బా తెరిచినా, గడ్డపారతో కట్టు వేసినా, బర్రె ఈనినా రెండు చేతులూ కావాలి. గని కార్మికుడి నుదుటి మీద దీపం ఉండటానికి కారణమూ అదే. పాము విషయంలో చేతి టార్చికి ఒక మేలు ఉంది. నడుము ఎత్తు నుంచి ఏటవాలుగా పడే వెలుగులో గట్టు మీది వస్తువులకు నీడలు పొడుగ్గా వస్తాయి, కదలనిది కూడా పోల్చుకోవచ్చు. తలమీది వెలుగు చూపు వెంటే పోతుంది, నీడలు కనిపించవు. మొలలోంచి తీసి టోపీకి క్లిప్పు పెట్టుకోగలిగే, మెడ వంచగలిగే చిన్న టార్చిలు ఈ రెంటికీ మధ్య మంచి రాజీ.

కొన్నాక ఇంట్లోనే పరీక్షించవచ్చు. పూర్తిగా చార్జి చేసి, చీకటి గదిలో పైకప్పు మీదికి కొట్టి, ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్‌తో అరగంటకోసారి కొలత రాసుకుంటే రన్‌టైమ్ గీత చేతికొస్తుంది. ఫోన్ అంకె కచ్చితం కాకపోయినా తగ్గుదల తీరు కచ్చితంగానే తెలుస్తుంది. ఐదు మీటర్ల దూరంలో గోడమీద నడిమి కొలత 400 లక్స్ వస్తే దాన్ని 25తో హెచ్చించాలి, 10,000 క్యాండెలాలు. పెట్టె మీద రాసింది అంతో ఇంతో సరిపోవాలి. బకెట్ నీళ్లలో అరగంట ముంచి, తీసి, తుడిచి, మర్నాడు అద్దం లోపల చెమ్మ చూడాలి. ఐపీ 67 అని రాసుకున్న టార్చి ఈ పరీక్షకు భయపడకూడదు, వాపసు గడువు లోపలే ఇది చేయాలి.

ఖర్చు విషయానికి వస్తే, మార్చుకునే 18650 సెల్, టైప్-సి, స్థిరమైన సర్క్యూట్ ఉన్న టార్చి సుమారు పదిహేను వందల నుంచి మూడు వేల మధ్య దొరుకుతుంది. ఫెనిక్స్, నైట్‌కోర్, ఓలైట్ వంటి పేర్లవి ఆపైన. రెండు మూడు వందల టార్చిని ఏటా కొనే ఇంటికి పదేళ్ల లెక్కలో ఇది బరువు కాదు. కౌలు రైతుకూ, రోజు కూలీకీ ఒక్కసారిగా అంత పెట్టడం మాత్రం కష్టమే. వారికి తక్కువలో కొనదగింది గోడ ప్లగ్గు పిన్నులు లేని, టైప్-సి ఉన్న చిన్న లిథియం హెడ్‌ల్యాంపు.

వాడకంలో పాటించాల్సినవి కొన్నే. సెల్ పూర్తిగా అడుగంటకముందే చార్జి చేయాలి, నెలల తరబడి పక్కనపెట్టేటప్పుడు సగం చార్జితో ఉంచాలి, విడి సెళ్లను తాళంచెవులు, చిల్లరతో కలిపి జేబులో వేయకూడదు. గల్ఫ్ ప్రయాణంలో విడి సెళ్లు చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. ఉబ్బిన, నొక్కుకుపోయిన, తొడుగు చిరిగిన సెల్‌ను మళ్లీ చార్జి పెట్టకూడదు. దాన్ని మంటలో వేయడం, చెత్తకుప్పలో పడేయడం కూడా ప్రమాదమే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన సెళ్లను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొన్న దుకాణంలోనో ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలోనో అప్పగించేదాకా దాని రెండు కొసలకూ టేపు అంటించి, ఎండ తగలని చోట, మండే సామాను లేని గట్టి డబ్బాలో ఉంచాలి.